బౌన్స్ చార్జీ గారికి గాజువాక నుంచి

మహారాజశ్రీ బౌన్స్ చార్జీ గారి సముఖమునకు, గాజువాక నుంచి మీ పాత ఖాతాదారు నమస్కరించి రాసుకునేది. ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాయాలని మా తాతగారు నేర్పారు. మీ కుశలం పొద్దున్నే మెసేజ్‌లో తెలిసింది. నా కుశలం కూడా అందులోనే ఉంది.

ఇవాళ ఐదో తారీకు. ఇంకా పాలప్యాకెట్టయినా రాకముందే మీరొచ్చి వెళ్ళారు. బండి ఈఎంఐ 4,150. ఖాతాలో ఉన్నది 3,912. ఆ 238 తక్కువైనందుకు మీరు 590 పట్టుకెళ్ళారు. ఫైనాన్స్ వాళ్ళు వేరే 500 రాసుకున్నారు. ఆ చార్జీ మీ తమ్ముడనుకుంటా, ఇంటిపేరు కలిసింది.

నాదొక చిన్న సందేహం. 238 లేనివాడి దగ్గర 590 ఎలా దొరుకుతుందనుకున్నారు? దొరికింది, నిజమే. ఈఎంఐ కోసం ఇరవై రోజులుగా టీలు మానేసి కూడబెట్టిన ఆ 3,912లోనే దొరికింది. వాయిదాకి చాలని డబ్బు మీకు మాత్రం చాలింది. ఇప్పుడు మిగిలింది 3,322. పదో తారీకున మళ్ళీ ఖాతా తడుముతారట. అప్పటికి నేను వెతుక్కోవాల్సింది 238 కాదు, 828. గోతిలో పడ్డవాడికి చెయ్యివ్వకపోతే మానె, ఆ గొయ్యి ఇంకో మూడడుగులు తవ్వి, తవ్వినందుకు కూలి కూడా వాడి దగ్గరే వసూలు చేస్తారా?

పైగా ఆ 590లో 90 రూపాయలు జీఎస్టీ. 18 శాతం. సేవ మీద పన్నట. ఏం సేవండీ? నా దగ్గర డబ్బు లేదని నాకు చెప్పడమా? ఆ సేవ మా ఆవిడ రెండు పూటలా ఉచితంగా చేస్తోంది.

జూన్‌లో ఆటోనగర్‌లో మా షెడ్డు మూసేశాక ఈ బండి మీదే పార్సిళ్ళు మోస్తున్నాను. వాయిదా కట్టకపోతే బండి పోతుంది, బండి పోతే వాయిదా కట్టడానికి డబ్బు రాదు. ఇది మా ఏడేళ్ళ పిల్లకి అర్థమైంది. మీ సిస్టమ్‌కి కాలేదు.

ఆ ముక్కే చెబుదామని మధ్యాహ్నం ఆర్డర్లన్నీ వదులుకుని బ్రాంచికి వెళ్ళాను. నా టోకెన్ 64, నడుస్తున్నది 31. ఖాళీగా ఎందుకని పాస్‌బుక్ మెషిన్ దగ్గరికి వెళితే అది నా పుస్తకాన్ని మూడుసార్లు ఉమ్మేసింది. నాలుగోసారి మింగి, సరిగ్గా మీరున్న లైను మీదే ఇంకో లైను అచ్చేసింది. మేనేజరు గారు స్క్రీన్ లోంచి తల ఎత్తకుండా "సిస్టమ్ జనరేటెడ్ సార్, మా చేతిలో ఏం లేదు" అన్నారు. కౌంటర్లో అమ్మాయి మాత్రం గొంతు తగ్గించి, "ఒకరోజు ముందే వేసేసుకోండి అన్నయ్యా, తెల్లారగట్లే కట్ అయిపోతుంది. మా నాన్నకీ రెండుసార్లు పడింది" అంది. సొంత ఉద్యోగి తండ్రినీ వదల్లేదా! మీ నిష్పక్షపాతానికి ఆ ఒక్కచోట దండం.

బయటికొచ్చి బండి తీస్తుంటే అదే బ్యాంకు నుంచి ఇంకో మెసేజ్. నాకు 5 లక్షల పర్సనల్ లోన్ సిద్ధంగా ఉందట.

రాత్రి ఏడున్నరకి ఫైనాన్స్ కుర్రాడి ఫోను. ఏడు దాటాక రికవరీ ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది కదా బాబూ అంటే, "సెక్షన్ 25 తెలుసా, రెండేళ్ళు లోపల" అన్నాడు. ఖాతాలో డబ్బు చాలక వాయిదా వెనక్కెళితే కేసు పెట్టే సెక్షనట అది. అదే సెక్షన్‌లో నోటీసు అందాక కట్టడానికి 15 రోజుల గడువుంటుందని వాడికెవరూ చెప్పలేదు. పోనీలెండి, వాడికీ టార్గెట్ టెన్షన్, వాడికీ ఏదో ఈఎంఐ ఉండే ఉంటుంది.

నా కోపమంతా మీ మీదే. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని గోడల మీద చదువుకుంటూ పెరిగినవాణ్ణి. ఆ హక్కు కోసం 1966లో ఈ ఊరు రోడ్డెక్కింది, ప్రాణాలు పోయాయి. మీ హక్కు కోసం ఎవరూ గొంతెత్తినట్టు నాకు గుర్తులేదు. లోన్ కాగితాల్లో ఎక్కడో వెనక పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో పుట్టారు. కింద సంతకం నాదే. షోరూమ్ వాళ్ళు పెట్టమన్న చోటల్లా పెట్టాను, కొత్త బండి సంబరంలో.

ఇక గారు అనడం నా వల్ల కాదు. ఒరే, ఆ 238 నువ్వే సర్ది, రెండు రోజులాగి 260 అడుగు, కడతాను! మా వీధి చివర కిరాణా కొట్టాయన అంతే కదా చేసేది. బియ్యం అరువిస్తాడు, మొహం మాడ్చుకుంటాడు, నలుగురి ముందూ అడుగుతాడు. కానీ పాత బాకీ తీర్చలేదని ఇంటికొచ్చి నా డబ్బాలోంచి రెండు గ్లాసులు తోడుకుపోడు.

828 సంగతి చెప్పాలి. పాత పేపర్లు అమ్మితే 140 వస్తుంది. మా ఆవిడ పోపుల డబ్బాలోంచి 200 తీసి, "ఏటి చేస్తాం, ఇది కూడా కలుపు" అంది. తక్కిన 488కి రాత్రి ఆర్డర్లున్నాయి. కూడినదంతా తొమ్మిదో తారీకు రాత్రి దాకా ఆ పోపుల డబ్బాలోనే ఉంటుంది, మీ కంటపడకుండా. మీకు జీలకర్ర వాసన పడదని ఆశ.

ఇట్లు,
నిల్వ 3,322

తా.క.: సంతకం పెడుతుండగా ఫోను మోగింది. మీరు నాకు పంపే మెసేజ్‌ల ఖర్చు కింద 17 రూపాయల 70 పైసలు తీసుకున్నారట. పైన సంతకం కొట్టేశాను. దిద్దుకోగలరు.

ఇట్లు,
నిల్వ 3,304 రూపాయల 30 పైసలు