బండి పాతబడింది కదా అని చిక్కటి ఆయిల్ పోయించేవాళ్లకు

కారు లక్ష కిలోమీటర్లు దాటిందని ఎవరి దగ్గరైనా అన్నామా, ఇక అయిపోయినట్టే, అడక్కుండానే సలహా వచ్చిపడుతుంది. "ఇంజిన్ అరిగిపోయి ఉంటుంది, చిక్కటి ఆయిల్ వేయించు." ఇన్నాళ్లూ 5డబ్ల్యూ-30 వాడుతున్నామంటే ఒకరు 15డబ్ల్యూ-40 అంటారు, ఇంకొకాయన ఏకంగా 20డబ్ల్యూ-50 అంటాడు. ఎందుకండీ అంటే "పాత బండి కదా" అనడం తప్ప ఇంకో ముక్క రాదు. ఇది వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నా.

ఆ అంకెల్లో మంత్రమేమీ లేదు. డబ్ల్యూ ముందున్నది చల్లగా ఉన్న ఇంజిన్‌లో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. రెండోది 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం. 30 గ్రేడ్ అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. అంటే 30లో పై అంచున ఉన్న ఆయిల్‌కీ 40లో కింది అంచున ఉన్నదానికీ పెద్ద తేడా ఉండదు. కాబట్టి మాన్యువల్‌లో 30, 40 రెండూ రాసి ఉంటే, బండి కాస్త ఆయిల్ తాగుతుంటే, 40కి వెళ్లడంలో తప్పేం లేదు. నా గొడవంతా మాన్యువల్ తెరవకుండా రెండు మూడు మెట్లు ఎక్కేసేవాళ్లతోనే.

ఇప్పటి ఇంజిన్లలో వాల్వ్ టైమింగ్‌ని, అంటే వాల్వ్‌లు ఎప్పుడు తెరుచుకుని మూసుకోవాలన్నదాన్ని, మార్చేదే చాలావరకు ఆయిల్ ప్రెజర్. అది వెళ్లే దారులు సన్నగా ఉంటాయి, ఏ చిక్కదనం ఆయిల్ వాడతారో చూసుకునే వాటిని చేస్తారు. చిక్కటిది పోస్తే గేజ్‌లో ప్రెజర్ ఎక్కువ కనిపిస్తుంది, మనకేమో సంతోషం. ఆ ప్రెజర్ పెరిగింది ఆయిల్ కదలడానికి కష్టపడుతున్నందుకే, ఎక్కువ ఆయిల్ పైకి చేరుతున్నందుకు కాదు. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో, అంటే అరుగుదల ఎక్కువగా ఉండే సమయంలోనే, పైన వాల్వ్‌లను కదిలించే క్యామ్‌షాఫ్ట్ దాకా ఆయిల్ ఆలస్యంగా వెళ్తుంది. ఇంజిన్ చప్పుడు తగ్గిందంటారా, తగ్గుతుంది, కాదనను. పాత బండి అమ్మేవాళ్లు చిక్కటి ఆయిల్ పోసేది కూడా అందుకే మరి!

అసలు అడగాల్సింది ఆయిల్ ఎటు పోతోందని. బయటికి కారుతోందా, లోపల కాలుతోందా? కారుతుంటే వాల్వ్ కవర్ గాస్కెట్ దగ్గరో, ఆయిల్ ఫిల్టర్ దగ్గరో, క్రాంక్‌షాఫ్ట్ సీల్ దగ్గరో తడి కనిపిస్తుంది. కాలుతుంటే సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది, అది ఎప్పుడు వస్తోందో చూడాలి. రాత్రంతా నిలిపిన బండి స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే ఎక్కువగా వాల్వ్ స్టెమ్ సీల్స్‌ని అనుమానించాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగుల్ని. ఇవేవీ చూడకముందు పీసీవీ వాల్వ్ చూడమని చెబుతాను. క్రాంక్‌కేస్‌లోని (ఇంజిన్ అడుగు భాగంలోని) ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి, పంపే చిన్న భాగం అది, మూసుకుపోతే లోపల ప్రెజర్ పెరిగి ఆయిల్‌ని సీల్స్ గుండా బయటికి తోస్తుంది. చాలా ఇంజిన్లలో మార్చడం కష్టం కాదు, ఖర్చూ పెద్దగా ఉండదు. అయినా ఆ పేరెత్తే మెకానిక్‌లు నాకు పెద్దగా తగల్లేదు, ఇంజిన్ విప్పుదామనేవాళ్లే ఎక్కువ.

హై మైలేజ్ అని రాసి అమ్మే ఆయిల్స్ మోసమా అని అడుగుతుంటారు. మోసం కాదు. గట్టిపడిన రబ్బరు సీల్స్‌ని కాస్త మెత్తబరిచే రసాయనాలు వాటిలో ఉంటాయి, చిన్న చిన్న చెమ్మ లాంటి లీకులు తగ్గొచ్చు. చిరిగిన సీల్‌నీ అరిగిన రింగునీ మాత్రం ఏ డబ్బా బాగుచేయదు. లీకే లేని బండికి అది వాడకపోయినా నష్టం లేదు. పాత బండికి సింథటిక్ పోస్తే లీకవుతుందనేది ఇంకో పాత పాట, తొలినాళ్ల సింథటిక్స్‌తో సీల్స్ ముడుచుకునేవి, ఆ లోపాన్ని ఎప్పుడో సరిచేశారు. గ్రేడ్‌తో పాటు డబ్బా మీద ఏపీఐ రేటింగ్ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన నాణ్యతా ప్రమాణం) కూడా చూసుకోండి. 2020లో వచ్చిన ఎస్పీ అనే రేటింగ్‌లో టైమింగ్ చెయిన్ అరుగుదలకు కూడా పరీక్ష పెట్టారు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ బండైతే బూడిద తక్కువ వదిలే ఆయిలే పోయాలి, లేదంటే ఫిల్టర్ మూసుకుపోతుంది.

ఫ్లషింగ్ అని, ఇంజిన్ లోపల మందు పోసి కడగడం ఒకటి అంటగడతారు. లోపల మడ్డి పేరుకున్న ఇంజిన్‌లో అది ఒక్కసారిగా ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే ఆ తర్వాత ఇంజినే ఉండదు. దానికంటే మామూలు ఆయిలే సగం గడువుకి మార్చుకుంటూ పోతే మెల్లగా శుభ్రపడుతుంది.

బ్రాండ్ల కోసం కొట్టుకునేవాళ్లు బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ ఎప్పుడు చూశారో చెప్పమనండి! 1,000 కిలోమీటర్లకు అర లీటరు దాకా తగ్గడం మామూలే అని కొన్ని కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి. ఆ లెక్కన 10,000కి ఐదు లీటర్లు, అసలు చాలా కార్లలో పట్టేదే నాలుగు లీటర్ల చిల్లర. లైట్ వెలుగుతుందిలే అని ధీమాగా ఉంటారు. చాలా బండ్లలో డాష్‌బోర్డు మీది ఆ ఎర్ర లైట్ ప్రెజర్ పడిపోయిందని చెప్పేది, ఆయిల్ తగ్గిందని కాదు. అది వెలిగేసరికి బేరింగులు ఎండుతుంటాయి. బండి సమతలం మీద పెట్టి, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలయ్యాక చూడండి, కనిష్ఠం గీతకీ గరిష్ఠం గీతకీ మధ్య చాలా కార్లలో సుమారు లీటరు తేడా. పై గీత దాటించకండి, క్రాంక్‌షాఫ్ట్ చిలికి నురగ చేసేస్తుంది. పోసినప్పుడల్లా కిలోమీటర్లు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఉన్నట్టుండి ఆయిల్ వాడకం పెరిగితే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష) చేయించండి, అప్పటిదాకా కంగారొద్దు. రంగు నల్లబడిందనీ గాబరా పడకండి, డీజిల్‌లో కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది. ఆయిల్ పోసే మూత కింద కాఫీ పాల రంగులో జిగురు, దాంతో పాటు కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పై హెడ్‌కీ మధ్య ఉండే సీల్) చూపించాలి.

ఆయిల్ గురించి ఇంత వాదించేవాళ్లు టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారంటే తెల్లమొహం వేస్తారు. దానికి మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా రాసి ఉంటాయి, ఏది ముందొస్తే దానికి మార్చాలి, ఎక్కువ తిరగని బండైనా సరే.