ఏనుగు మీదికి ఏడు మిల్లీమీటర్లు

కడపలో ఆదివారం సాయంత్రాలు నలుగురు చేరి వాదించుకునే మేడగది ఒకటి ఉందనుకోండి. ఈ వారం ఎదురెదురుగా కూర్చున్నవారు ఇద్దరు: సైన్యంలో రైఫిల్ శిక్షకుడిగా పనిచేసి వచ్చిన సుబేదారు, పదవీ విరమణ చేసిన పశువైద్యుడు. వేట నిషిద్ధమైన దేశంలో ఈ చర్చ ఎందుకంటే, పోయిన వారం సుబేదారుగారు మాటల్లో ‘బెల్ ముందు మీ పెద్ద తుపాకులెంత’ అన్నారు. గురి కుదిరితే ఏనుగుకైనా చిన్న తుపాకి చాలునని ఆయన భావం. డాక్టరుగారు ఆ మాటను వదల్లేదు.

సుబేదారు: బెల్ పేరెత్తింది నేనే కాబట్టి ఆయనతోనే మొదలుపెడతాను. వాల్టర్ బెల్ స్కాట్లండ్ మనిషి. ఉగాండాలోని కరమోజా ప్రాంతంలో తిరిగాడని ‘కరమోజో బెల్’ అన్నారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో దంతాల కోసం వెయ్యికి పైగా ఏనుగులను కొట్టాడు. అందులో ఎక్కువ భాగం .275 రిగ్బీ రైఫిల్‌తో, అంటే 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాతో. ఈ అంకె బోర్, అంటే తుపాకి గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో. గుండు బరువు 173 గ్రెయిన్లు, పదకొండు గ్రాముల చిల్లర. తక్కిన వేటగాళ్లు మోసిన .470 జంట గొట్టాల తుపాకి గుండు 500 గ్రెయిన్లు. దాదాపు మూడింతలు! అయినా బెల్ ఏ ఏనుగు కాళ్ల కిందా పడలేదు. 1954 దాకా బతికాడు.

డాక్టరు: వెయ్యి ప్రాణాలు పోయిన సంగతి పద్దు చదివినట్టు చదివేశారు. సరే, దాని గురించి ఇంకోసారి పోట్లాడుకుందాం. ఎలా కొట్టాడో కూడా చెప్పండి మరి.

సుబేదారు: చచ్చిన ఏనుగు తలను రంపంతో నిలువునా కోయించి, మెదడు ఎక్కడుందో కళ్లారా చూసుకున్నాడు. ఏ పక్క నుంచి చూస్తే అది ఎక్కడ వస్తుందో కంఠతా పట్టాడు. వెనక నుంచి ఏటవాలుగా మెదడును అందుకునే దెబ్బకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

డాక్టరు: అది కంఠతా పట్టవలసిందే. ఏనుగు తల ఎంత పెద్దదైనా లోపల చాలా భాగం గాలి గదులున్న ఎముక, తేనెపట్టులాగా. మెదడు నాలుగైదు కిలోలు, అదీ బాగా వెనక్కి, ఇంచుమించు చెవి రంధ్రాల ఎత్తున. తల ఎత్తితే ఒక లెక్క, దించితే ఇంకో లెక్క. కాస్త తప్పిందంటే గుండు ఆ గాలి గదుల్లోంచి దూసుకుపోతుంది, ఏనుగు మాత్రం పడదు.

సుబేదారు: మెదడు తప్పితే .470 అయినా అంతే కదండీ! బెల్ వాదన కూడా అదే. తగిలితే చిన్నది చాలు, తప్పితే పెద్దదీ చాలదు.

డాక్టరు: అంతే కాదు. జాన్ టేలర్ అనే ఇంకో ఏనుగుల వేటగాడు దీనికే ఒక లెక్క కట్టాడు. గ్రెయిన్లలో గుండు బరువును, సెకనుకు అడుగుల్లో వేగంతోను, అంగుళాల్లో వ్యాసంతోను గుణించి 7000తో భాగించాలి. .470కి 73 దాకా వస్తుంది, మీ .275కి 16. మెదడు పక్క నుంచి పోయినా పెద్ద గుండు ఏనుగును కాసేపు దిమ్మెరపోయేలా చేస్తుంది. రెండో తూటాకు వ్యవధి దొరుకుతుంది. చిన్న గుండుకు ఆ బలం లేదు.

సుబేదారు: ఆ లెక్క నేనూ చేసి చూశాను. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి కట్టండి. అదే సూత్రం, అవే కొలతలు. 120 దాటుతుంది! అంటే ఫాస్ట్ బౌలరు చేతిలో బంతి ఏనుగు తుపాకిని మించిపోయిందన్నమాట.

(గది గొల్లుమంది. నేను ఇంటికి వెళ్లి కాగితం మీద వేసి చూశాను. లెక్క నిజమే.)

డాక్టరు: నవ్వండి. సూత్రం తుపాకి గుళ్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి, బంతులకు కాదు. నవ్వులేని సంగతి ఒకటి చెబుతాను. 1911లో ఇప్పటి కెన్యాలో జార్జ్ గ్రే అనే ఆయన గుర్రం దిగి, తన మీదికి దూకుతున్న సింహాన్ని దగ్గర నుంచి కొట్టాడు. బ్రిటన్ విదేశాంగ మంత్రి ఎడ్వర్డ్ గ్రేకు స్వయానా తమ్ముడు. చేతిలో ఉన్నది .280 రాస్ రైఫిల్. సింహం ఆగలేదు. గాయాలతో నైరోబీలో ప్రాణం వదిలాడు. మీ బెల్ తుపాకి ఎంత, 7 మిల్లీమీటర్లు కదా? ఇదీ అంతే. పైగా వేగం ఇంకా ఎక్కువ.

(సుబేదారుగారు ఇక్కడ తగ్గుతారనుకున్నాం. కుర్చీ ముందుకు జరుపుకున్నారు.)

సుబేదారు: మీరు నాకే సాక్ష్యం తెచ్చారు డాక్టరుగారూ. ఒకే బోర్ అయితే ఒకరు బతికి ఒకరు ఎందుకు పోయారు? గుండు తయారీలో ఉంది తేడా. బెల్ వాడింది పొడుగాటి బరువైన గుండు, చుట్టూ గట్టి లోహపు తొడుగు. ఎముకలో దూరినా ఆకారం చెడకుండా తిన్నగా పోతుంది. రాస్ గుండు జింకల కోసం చేసిన తేలికపాటిది. వేగంగా తగిలి పైపైనే చిట్లిపోతుంది, కండలోతుకు పోదు. వేగం ఎక్కువైన కొద్దీ ఇంకా తొందరగా చిట్లుతుంది. తప్పు ఏడు మిల్లీమీటర్లది కాదు.

డాక్టరు: ఇది ఒప్పుకుంటాను. కానీ ఎదురుగా దూకుతున్న సింహం ముందు ‘నా గుండు ఏ రకం’ అని చూసుకునే తీరిక ఎవరికుంది?

సుబేదారు: అది తుపాకి కొనేటప్పుడే చూసుకోవాలి. ఇంకొకటి. పెద్ద తుపాకి భుజాన్ని తన్నుతుంది. తన్నుతుందన్న భయంతో ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మనిషి బెదురుతాడు, కళ్లు మూస్తాడు. ఎన్‌సీసీలో .22తో గురి చక్కగా నేర్చుకున్న కుర్రవాడికే .303 ఇచ్చి చూడండి, మొదటి రోజు గుండు ఎక్కడికి పోతుందో. అలవాటు లేని చేతికి .470 ఇస్తే ఏమవుతుంది? చేతికి నప్పిన తుపాకే మనిషిని కాపాడుతుంది. మనుషుల్ని తినే పులులను వేటాడిన జిమ్ కార్బెట్ దొర చౌగఢ్ పులిని 1930లో కొట్టింది కూడా .275తోనే.

డాక్టరు: పులి రెండు వందల కిలోల జంతువు, చర్మం పల్చన. ఏనుగు ఐదారు టన్నులు. ఒక గాటన కట్టకండి.

సుబేదారు: అయితే కెనడా వెళ్దాం. అల్బర్టాలో స్లేవ్ లేక్ దగ్గర 1953లో బెల్లా ట్విన్ అనే క్రీ తెగ మహిళ, అరవై మూడేళ్ల వయసులో, రికార్డులకెక్కిన గ్రిజ్లీ ఎలుగును కొట్టింది. దేనితో? ఒక్క తూటా పట్టే .22తో. మన కాలేజీ పిల్లలు కాగితపు గురి మీద పేల్చే బోర్!

డాక్టరు: ఎలుగు ఎంత దగ్గరికి వచ్చాక?

సుబేదారు: ... కొన్ని అడుగుల దూరానికి.

డాక్టరు: ఆమె వేటకు బయలుదేరిందా?

సుబేదారు: పెద్ద ఎలుగును వెతుక్కుంటూ పోలేదు. అది ఎదురుపడింది. కణత మీద కొట్టింది. పడ్డాక కూడా అనుమానం తీరక తూటా మార్చి మార్చి పేల్చింది.

డాక్టరు: మహాతల్లి. వేరే దారి లేక చేసిన పనిని మీరు విధానంగా చూపిస్తున్నారు. బెల్ సంగతీ అంతే. ఆయనకు నెలల తరబడి సమయం ఉంది. కోణం కుదరకపోతే తుపాకి దించుకుని రేపు రావచ్చు. డబ్బు కట్టి, విమానం దిగి, రెండు వారాల్లో తిరిగిపోవలసిన మనిషి దించుతాడా? ఆఫ్రికాలో చాలా దేశాలు ఏనుగుకు, అడవిదున్నకు .375ను కనీస బోర్‌గా పెట్టింది అందుకే. చట్టం బెల్ కోసం రాయరు. గాయపడిన ఏనుగు పొదల్లోకి పోతే వెనక వెళ్లవలసింది దారి చూపే స్థానికుడు. పోయేది వాడి ప్రాణం.

(సుబేదారుగారు దీనికి జవాబు చెప్పలేదు. చెప్పి ఉండవలసింది. నాకు తోచిన జవాబు, .375 ఉన్నవాడు కూడా తొందరపడతాడని. కానీ నేను వక్తను కాను.)

సుబేదారు: ఆఫ్రికా సరే, మన కడప పక్కనున్న లంకమల అడవి సంగతి చెప్పండి. వేరుశనగ చేలో అడవిపంది పడితే రైతు ఏ బోర్ కోసం చూడాలి?

డాక్టరు: ఇప్పుడు వచ్చారు నా దారికి. రైతు చేతిలో ఉన్నది తుపాకిమందు కూరిన నాటు తుపాకి, అందులో మేకులు, సైకిలు బేరింగు గుళ్లు. అది జంతువును చంపదు, కుంటిదాన్ని చేస్తుంది. కుంటుకుంటూ పొదలో పడుకున్న పంది మర్నాడు కట్టెలకు పోయిన మనిషిని చీలుస్తుంది. అంతకంటే ఘోరం నాటు బాంబు. పంది కోసం పెడతారు, ఆవు కొరుకుతుంది. కింది దవడ ఎగిరిపోయిన ఆవు మేత కోసం మూతి చాపుతుంటే నేను చూశాను. దానికి నా సంచిలో మందు లేదు.

సుబేదారు: వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దారి ఉంది కదా. పంటను పాడుచేసే పందిని కొట్టడానికి సెక్షన్ 11 కింద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు.

డాక్టరు: ఉంది. అనుమతి కాగితం వచ్చిందనుకోండి. మీ చేతికి ఏ తుపాకి తీసుకుంటారు? .22నా?

సుబేదారు: పంది మీదికి .22 ఎవరైనా తీసుకుపోతారా! మన ఇషాపూర్ కర్మాగారం .315 ఉంది.

డాక్టరు: ఎనిమిది మిల్లీమీటర్లు. వంద కిలోల పందికి ఎనిమిది, ఆరు టన్నుల ఏనుగుకు ఏడు!

సుబేదారు: లైసెన్సు మీద మనకు సులువుగా దొరికేది అదే కాబట్టి తీసుకుంటాను. బెల్ .275 చేతికివ్వండి, .315 అక్కడే పెట్టేసి పోతాను.