సంతకం కొడుకుది, సేవ కోడలిది

కర్నూలు సర్వజన ఆసుపత్రి నుంచి పక్షవాతం వచ్చిన పెద్దాయనను ఇంటికి పంపేటప్పుడు సంతకం పెట్టేది కొడుకు. నర్సు చెప్పే జాగ్రత్తలు వినేదీ అతనే. ఆలూరుకో పత్తికొండకో చేరాక ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంలో పాలు పోసేది, పక్కబట్టలు మార్చేది మాత్రం కోడలు, లేదా ఇంటి అవ్వ. వాళ్లకు ఎవరూ చేసి చూపించరు. వారం పది రోజుల్లోనే మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావడానికి ఇదో పెద్ద కారణం.

గొట్టం సంగతే చూడండి. నడుము పైభాగమంతా 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. ముక్కు దగ్గర గొట్టం మీది గుర్తు జరగలేదని చూసుకున్నాకే పోయాలి. విడతకు 200 మి.లీ. దాకా చాలు. సిరంజితో నెట్టకూడదు, దానంతటదే దిగాలి. చివర 30 మి.లీ. నీళ్లు పోసి, అరగంటైనా అలాగే కూర్చోబెట్టాలి. తప్పు జరిగేది మంచం దగ్గరే. నులక మంచం మీద తల కింద రెండు దిండ్లు పెడితే నడుము కుంగి, మెడ ఒక్కటే వంగుతుంది. పాలు ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపైన జ్వరం, ఆయాసం. రాగి జావ వడకట్టకపోతే గొట్టం పూడుకుపోతుంది. గొట్టం ఊడివస్తే ఇంట్లో తిరిగి తోయనే కూడదు.

ఇక పడక పుళ్లు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. గాలి పరుపు కొన్నాం కదా అని తిప్పడం మానేస్తారు, అది పొరపాటు. చర్మం ఎర్రబడితే జాగ్రత్త అంటారు గానీ, నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు. పిర్రల పైన, మడమల దగ్గర చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా తగిలితే పుండు మొదలైనట్టే. అక్కడ నూనె పెట్టి రుద్దొద్దు.

పాత బీపీ మాత్రలు, కొత్తగా రాసినవి పేర్లు వేరైనా మందు ఒకటే కావచ్చు. రెండూ వేస్తే లేవగానే కళ్లు తిరిగి పడిపోతారు.

డబ్బు సాయం లేకపోలేదు. పక్షవాతంతో పూర్తిగా మంచం పట్టినవారికి ఎన్టీఆర్ భరోసా పింఛను 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయలు. లేనిదల్లా నేర్పే మనిషి. డిశ్చార్జ్‌కు రెండు రోజుల ముందే ఇంట్లో చేసే ఆమెను వార్డుకు పిలిపించి, నర్సు ఎదుట ఆమె చేతే గొట్టంలో మూడు విడతలు పాలు పోయించాలి. పంపేరోజే ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు ఫోన్ వెళ్లాలి. మూడు రోజుల్లోపు ఆ ఏఎన్‌ఎం ఇంటికొచ్చి గొట్టం మీది గుర్తు, మడమలు, మాత్రల డబ్బా చూడాలి.