స్పిన్-ఆఫ్ మొదటి ఎపిసోడ్ గారికి, బైరాగిపట్టెడ నుంచి

మహారాజశ్రీ సైన్స్ ఫిక్షన్ స్పిన్-ఆఫ్ మొదటి ఎపిసోడ్ గారికి,

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక పాత ప్రేక్షకుడు రాసుకునేది. ఉభయకుశలోపరి. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు లెండి. పాత సీరియల్ నుంచి విడిపోయి వేరు కాపురం పెట్టినవారు, పుట్టింటి పేరు పలుకుతున్నంత కాలం మీకు లోటేముంటుంది?

ఈ ఎండల్లో బయటికి పోలేక మీ వంశంలో అయిదుగురిని వరసగా చూశాను. పక్కనే మా అవ్వ, ముందు చేట, చేటలో చింతపండు. గింజలు తీస్తూ చూస్తుంది. ఇంగ్లీషు రాదు కాబట్టి నేను అర్థం చెబుతుంటాను. అందుకే ఈ ఉత్తరంలో సగం ఫిర్యాదులు ఆమెవి. అవ్వది చిత్తూరు పక్క పల్లె. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజుల మహాభారతం ఏటేటా చూసిన మనిషి. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కి నిమ్మకాయలు విసిరితే కొంగు పట్టినవాళ్లలో తనూ ఉందట. కథ ఎట్లా ఎత్తుకోవాలో ఆమెకు మీరు కొత్తగా నేర్పేదేమీ లేదు.

ముందు మీ పెద్దక్కను పెట్టాను. 1987లో వచ్చిన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' తొలి ఎపిసోడ్. కొత్త ఓడ, కొత్త కెప్టెన్, కొత్త మొహాలు. ఇంతలో ఓడ నడవలో ఒక పండు ముసలాయన మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. వయసు 137.

"ఎవుర్రా ఆ ముసిలాయన?"

"పాత సీరియల్లో డాక్టరవ్వా. మెకాయ్."

"ఇప్పుడేం పనిమీదొచ్చినాడు?"

"ఏం లేదు. ఓడను బాగా చూసుకోండని చెప్పి పోతాడు."

"ఓహో, తాంబూలానికొచ్చినాడా" అని గింజ ఒకటి చేటవతలకి వేసింది.

మనిషిని కణాలు కణాలుగా విడగొట్టి పంపే యంత్రం మీద ఆ వయసులోనూ ఆయనకు నమ్మకం లేదు. షటిల్ అనే చిన్న ఓడలోనే పోతానంటాడు. అది చూసి నాకు కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు. కానీ ఆ తాంబూలం మీ ఇంట ఆనవాయితీ అయిపోయింది. 1993లో ఒక స్పేస్ స్టేషన్ కథగా 'డీప్ స్పేస్ నైన్' మొదలైతే ఈ కొత్త కెప్టెన్ పికార్డ్ కాస్తా పాత కెప్టెన్ అయి వచ్చాడు. 1995లో 'వాయేజర్' ఓడ అదే స్పేస్ స్టేషన్‌కు వచ్చి, అక్కడి బార్ ఓనర్ క్వార్క్‌ను ఒకసారి పలకరించి మరీ బయల్దేరింది. 2004లో 'స్టార్‌గేట్ అట్లాంటిస్'ను సాగనంపడానికి పాత 'స్టార్‌గేట్' సీరియల్లోని ఓనీల్ తయారు. కోడలు పొయ్యి వెలిగించకముందే ఫలానా వారి అమ్మాయి అని పదిమందికీ చాటాలన్నమాట. కూర ఎట్లా ఉంటుందో మేం చెప్పమా?

ఇక బఫూన్ సంగతి. వీధినాటకంలో ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. తెర వెనక నుంచి కిరీటం కనబడుతుంది, గజ్జెల కాలు కనబడుతుంది. బఫూన్ పోయి, "ఎవరయ్యా నువ్వు, ఏ ఊరు, ఎందుకొచ్చినావు?" అంటాడు. ఆ వచ్చినవాడు దుర్యోధనుడని చంకలో పసిబిడ్డకు కూడా తెలుసు. అయినా వాడి నోట దరువు వినాలని, బఫూన్ వాడి మీసం మీద ఏం జోకేస్తాడో చూడాలని ఊరంతా కూర్చుంటుంది. మీకూ ఒక బఫూన్ ఉన్నాడు. ఆరోజే ఉద్యోగంలో చేరినవాడు. వాడి చుట్టూ చేరి అందరూ అన్నీ వివరిస్తారు. పాపం వాడికి ఒక్క జోకూ రాయరు. నోరు తెరుచుకుని "అంటే..?" అనడమే వాడి పని. పెద్దక్క దగ్గర ఇది మరీ ముదిరింది. ఫస్ట్ ఆఫీసర్ రైకర్ ఓడెక్కగానే కెప్టెన్ ఆయన్ని కూర్చోబెట్టి, అప్పటిదాకా జరిగిందంతా రికార్డింగ్ వేసి చూపించాడు. ఆ జరిగిందంతా మేం ఇప్పుడేగా చూశాం!

అది కాకపోతే పదేళ్లుగా కలిసి పనిచేస్తున్నవాళ్లు ఒకరి చరిత్ర ఒకరికి చెప్పుకుంటారు. పొద్దున్నే మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "మీరు నన్ను చిత్తూరులో పెళ్లి చేసుకుని తిరుపతి తీసుకొచ్చిన భర్త కదా, చక్కెర సరిపోయిందా?" అంటే నేను ముందు ఆవిడ నుదురు పట్టి చూస్తాను.

2006లో 'డాక్టర్ హూ' నుంచి విడిపోయిన 'టార్చ్‌వుడ్'లో ఆ కొత్త మనిషి గ్వెన్ అనే పోలీసమ్మాయి. రహస్య స్థావరంలోకి పిజ్జా డబ్బాలు పట్టుకుని వెళ్లిపోతుంది. బాగుంది. ఆ టీములో సూజీ అనే ఆవిడను బాగా పరిచయం చేసి, మనకు అలవాటు చేసి, చివర్లో ఆవిడే హంతకురాలని చెప్పి, అదే ఎపిసోడ్‌లో చంపేశారు. ఇదీ బాగుంది. కానీ అవ్వ లెక్క వేరు. "సీటు ఖాళీ చేసినారు, ఈ పిల్ల కోసరం."

ఆ ఖాళీల లెక్కలో 'వాయేజర్'కు సాటి లేదు. ఓడ ఒక్క విసురుకు 70 వేల కాంతి సంవత్సరాల అవతల పడింది. ఇంటికి రావాలంటే 75 ఏళ్లు. ఆ దెబ్బకు ఫస్ట్ ఆఫీసర్ పోయాడు, ఓడ నడిపే అమ్మాయి పోయింది, డాక్టర్ పోయాడు. ఎపిసోడ్ అయ్యేలోపు మూడు పోస్టులూ భర్తీ! ఓడ ఎవరిని పట్టుకోవడానికి బయల్దేరిందో ఆ తిరుగుబాటుదారుల నాయకుడే ఫస్ట్ ఆఫీసర్. జైలు నుంచి తెచ్చినవాడు పైలట్. డాక్టర్ కుర్చీలో కాంతితో చేసిన బొమ్మ. మా దగ్గర కారుణ్య నియామకానికి ఫైలు ఎన్ని బల్లలు దిగాలో మీకు తెలియదు. పోయినవాళ్ల కోసం ఎవరైనా ఒక పూట ఏడుస్తారేమోనని అవ్వ చూసింది. "పదోరోజైనా చెయ్యరా వీళ్లు?" అంది.

మీ గంటన్నర నాకు వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌ను గుర్తు చేస్తుంది. ఒక కంపార్ట్‌మెంట్‌లో పరిచయాలు, ఇంకోదాంట్లో ఓడ చుట్టూ ప్రదక్షిణ, మరోదాంట్లో పాతాయన దీవెనలు. చివరికి కథ ముందు నిలబడేసరికి "జరగండి, జరగండి". అక్కడ పాలైనా ఇస్తారు.

ఇంత తిట్టాక మీ ఇంటి రెండో ఆడపడుచు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 'డీప్ స్పేస్ నైన్' తొలి ఎపిసోడ్‌లోనూ మీ సరంజామా అంతా ఉంది. పాత కెప్టెన్ వస్తాడు, చావుంది, కొత్తవాడుంటాడు, ఏమీ తెలియనివాళ్లకు అన్నీ వివరించడమూ ఉంది. కానీ పికార్డ్ ఎదుట కొత్త కమాండర్ సిస్కో మొహం రాయిలా పెట్టుకున్నాడు. ఎందుకంటే శత్రువులు పికార్డ్‌ను పట్టుకుని తమవాడిగా మార్చి యుద్ధానికి పంపినప్పుడు, ఆ యుద్ధంలోనే సిస్కో భార్య చనిపోయింది. "ఈయనకు తాంబూలం లేదు" అంది అవ్వ, మొదటిసారి తెరవైపు సరిగ్గా తిరుగుతూ.

తర్వాత సిస్కో ఒక జాతి చేతికి చిక్కుతాడు. వాళ్లకు కాలమంటే తెలియదు. నిన్న, రేపు అనే మాటలే లేవు. ఏమీ తెలియని బఫూన్ అంటే వీళ్లు! ఈయన బేస్‌బాల్ ఆట చూపించి చెబుతాడు. బంతి వేశాక ఏమవుతుందో ఎవరికీ తెలియదు, అందుకే ఆడతాం అని. వాళ్లు మాత్రం ఆయన్ని మళ్లీ మళ్లీ తగలబడే ఓడలోకి, భార్య శవం దగ్గరికి తెస్తుంటారు. ఇక్కడికెందుకు తెస్తారని అరిస్తే, తెచ్చేది నువ్వేనంటారు. కాలం ముందుకే పోతుందని వాళ్లకు పాఠం చెబుతున్నవాడు తనే అక్కడి నుంచి ఒక్క అడుగు కదల్లేదు.

ఈ ముక్క అవ్వకు ఎట్లా చెప్పాలా అని నేను తడుముకుంటున్నాను. చేటలో గింజల చప్పుడు ఆగిపోయి అప్పటికే చాలాసేపైంది. తాత పోయి పదకొండేళ్లు. ఆయన కుర్చీ ఇంకా వరండాలోనే ఉంది, ఎవర్నీ జరపనివ్వదు.

"చెప్పొద్దులేరా, తెలస్తాంది" అంది.

అయిపోయాక లాప్‌టాప్ మూయబోతే చెయ్యి పట్టుకుంది. "ఆ పెండ్లాం పోయినోడిది ఇంకోటి పెట్టు."

పెట్టాను. మిగతా ఫిర్యాదులు రేపు రాస్తాను.

ఇట్లు,
మీ పాత ప్రేక్షకుడు