ఉద్యోగి స్వేద వ్రత కల్పము

గచ్చిబౌలి అద్దాల మేడల్లో ఒకదానిలో మా మేనల్లుడు పనిచేస్తాడు. వాళ్ల కంపెనీ ఉద్యోగులందరికీ పంపిన సర్క్యులర్ ఒకటి నాకు చూపించి, "మామయ్యా, ఇది శిక్షా, బహుమతా? నువ్వే చదివి చెప్పు" అన్నాడు. చదివాను. చదివినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. మనశ్శాంతి కలిగించడమే ఆ సర్క్యులర్ లక్ష్యమని దాని మొదటి వాక్యంలోనే ఉంది.

"ఉద్యోగుల శారీరక, మానసిక ఆరోగ్యమే మా సంస్థకు అన్నిటికన్నా మిన్న. కాబట్టి వచ్చే సోమవారం నుంచి 75 రోజుల కఠోర వ్యాయామ దీక్ష ప్రారంభిస్తున్నాం. పాల్గొనడం పూర్తిగా స్వచ్ఛందం. పాల్గొనని వారి జాబితా వారి వారి మేనేజర్లకు చేరుతుంది."

ఆ చివరి రెండు వాక్యాలను పక్కపక్కన పేర్చడానికి చెయ్యి వణకని మనిషికి నా నమస్కారం.

దీక్ష నియమాలు ఇవి. రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కటి 45 నిమిషాల చొప్పున వ్యాయామం చేయాలి. అందులో ఒకటి ఎండైనా వానైనా ఆరుబయటే జరగాలి. దాదాపు మూడు లీటర్ల ముప్పావు నీళ్లు తాగాలి. ఏదో ఒక ఆహార నియమం పెట్టుకుని ఒక్క మెతుకు కూడా దారి తప్పకూడదు. మద్యం ముట్టరాదు. వికాసం కలిగించే పుస్తకం పది పేజీలు చదవాలి, కథలూ నవలలూ చెల్లవు. రోజుకొక ఫోటో తీసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా, అది 74వ రోజైనా సరే, మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు.

ఇదంతా ఆ కంపెనీ సొంత బుర్రలోంచి పుట్టింది కాదు. 2019లో ఆండీ ఫ్రిసెల్లా అనే అమెరికా వ్యాపారి లోకానికి ప్రసాదించిన '75 హార్డ్' ఇది. ఇది ఒళ్లు తగ్గించుకునే పథకం కాదనీ, మనసును ఉక్కుగా మార్చే సాధన అనీ ఆయన చెబుతాడు. ఆయనకు పోషక పొడులు అమ్మే కంపెనీ ఒకటి ఉండటం యాదృచ్ఛికమనే మనం భావించాలి. ఋషి అన్నాక ఆశ్రమం పక్కనే పూజాద్రవ్యాల దుకాణం ఉండకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు.

మనవాళ్లకు ఇది ఇంత తొందరగా పట్టుబడటంలో ఆశ్చర్యం లేదు. తరతరాలుగా మనకు తెలిసిన సరుకే కదా. సంకల్పం ఉంది, నియమం ఉంది, పారాయణకు పది పేజీలున్నాయి, హారతి వేళకు ఫోటో ఉంది, తీర్థానికి సీసా, ప్రసాదానికి ప్రొటీన్ పొడి. అన్నిటికన్నా ముఖ్యంగా వ్రతభంగ దోషం ఉంది. ప్రసాదం పుచ్చుకోకుండా పరుగెత్తినందుకు కళావతి మొగుడి పడవ మునిగింది. 74వ రోజున అత్తగారు పెట్టిన అరిసెలో మూల ముక్క కొరికినందుకు ఒక సీనియర్ ఇంజనీరు రెండున్నర నెలల పుణ్యం గంగలో కలిసింది. కళావతి వెనక్కి వెళ్లి ప్రసాదం తిని వచ్చాక పడవ తేలింది. ఇంజనీరుకు ఆ వెసులుబాటు లేదు. ఆయన ఇప్పుడు రెండో ఆవృత్తిలో ఉన్నాడు, అత్తగారితో మాట్లాడటం లేదు.

పది పేజీల నియమం దగ్గర కాస్త గందరగోళం జరిగిందట. కంపెనీ వారి జీతాల పెంపు విధాన పత్రం చదివితే చెల్లుతుందా అని ఒక అమ్మాయి అడిగింది. అది కల్పిత సాహిత్యం కిందికి వస్తుంది కాబట్టి చెల్లదని పక్క సీటాయన తీర్పు చెప్పాడు.

ఇక ముహూర్తం సంగతి. మా వాడికి ఆఖరి కాల్ రాత్రి తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. కాలిఫోర్నియాలో అప్పటికి ఉదయం తొమ్మిది, దొరలు కాఫీ కప్పుతో ఉల్లాసంగా కూర్చుంటారు. ఆ ఉల్లాసం ముగిసేసరికి ఇక్కడ పదకొండు. సర్క్యులర్ ప్రకారం బ్రాహ్మీ ముహూర్తంలో, అంటే ఐదింటికి లేవాలి. ఎనిమిది గంటల నిద్ర కూడా తప్పనిసరి అని అదే సర్క్యులర్ రెండో పేజీలో ఉంది. పదకొండుకూ ఐదుకూ మధ్య ఎనిమిది గంటలు ఇమిడే గడియారాన్ని మాత్రం కంపెనీ ఇంకా సరఫరా చేయలేదు. పొద్దున కుదరని వారు ఆరుబయటి వ్యాయామాన్ని అర్ధరాత్రి కానిస్తున్నారు. అపార్టుమెంటు సెల్లారులో నడుస్తామంటే నెత్తి మీద కప్పు ఉంది కాబట్టి చెల్లదన్నారు. వీధిలోకి వెళ్తున్నారు. ఈ వ్రతానికి మనస్ఫూర్తిగా సహకరిస్తున్నవి వీధి కుక్కలే. వాటి పుణ్యమా అని 45 నిమిషాల నడక పది నిమిషాల పరుగుగా ముగుస్తోంది.

మొదటి రోజు ఉత్సాహం గురించి చెప్పాలి. పదేళ్లుగా కుర్చీకి అతుక్కున్న మనుషుల చేత, తెర మీద కనిపించే శిక్షకుడొకాయన వంద గుంజీలు తీయించాడు. "నొప్పి అంటే బలహీనత ఒంట్లోంచి వెళ్లిపోవడమే" అని ప్రవచించాడు. ఒంట్లోంచి వెళ్లేది ఒక్కోసారి బలహీనత కాదు, కండరం. అలవాటు లేని శరీరాన్ని ఒక్కసారిగా అలా బాదితే కండర కణాలు చితికి, వాటిలోని పదార్థం రక్తంలో కలుస్తుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వైద్యులు దీన్ని రాబ్డోమయోలైసిస్ అంటారు. నలభై దాటినవాళ్లనీ, బీపీ, షుగరు ఉన్నవాళ్లనీ డాక్టరుకు చూపించుకుని మొదలుపెట్టమని ఒక్క ముక్క రాయడానికి ఆ సర్క్యులర్లో చోటు లేకపోయింది. చెమటతో నవ్వుతున్న తెల్లజాతి దంపతుల బొమ్మకు ముప్పావు పేజీ ఇచ్చారు మరి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 75 అనే అంకే చెప్పింది. అయితే అవి రోజులు కావు, నిమిషాలు. తీవ్రమైన వ్యాయామమైతే పెద్దవాళ్లకు వారానికి 75 నుంచి 150 నిమిషాలు, మోస్తరు వ్యాయామమైతే 150 నుంచి 300 నిమిషాలు చాలంటుంది. దీక్ష లెక్కన వారానికి 630 నిమిషాలు అవుతాయి. ఆరోగ్యం వచ్చాక మిగిలేదాన్ని ఏం చేసుకోవాలో తెలియదు. అమెరికా ఆఫీసుకు ఎగుమతి చేస్తారేమో.

ఇప్పుడు అసలు ఘట్టం: అడుగుల పోటీ.

దీక్షతో పాటు రోజుకు పదివేల అడుగుల పోటీ కూడా పెట్టారు. పదివేలన్నది ధన్వంతరి చెప్పిన సంఖ్య కాదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్ముకోవడానికి పెట్టుకున్న గుండ్రటి అంకె అది. వయసు మళ్లిన అమెరికా మహిళల మీద 2019లో వెలువడిన అధ్యయనంలో ఏడున్నర వేల అడుగుల దగ్గరే ఆయుర్దాయపు లాభం పెరగడం ఆగిపోయింది. అయినా ఏడున్నర వేలకు బహుమతి ఇస్తే బాగుండదు.

అందరికీ చేతి వాచీలు పంచారు. ఆఫీసు గోడ మీద పెద్ద తెర పెట్టారు. ఎవరెన్ని అడుగులు వేశారో గంట గంటకూ పేర్లతో సహా కనిపిస్తుంది. మొదటి వారం నిజంగానే నడిచారు. రెండో వారం నుంచి ఇంజనీరింగ్ చదువు అక్కరకు వచ్చింది. ఒకాయన వాచీని పిల్లవాడి కాలికి కట్టి ట్యూషన్‌కు పంపాడు. ఒకావిడ తన లాబ్రడార్ మెడకు కట్టింది. రెండు రోజులు అది రెండో స్థానంలో నిలిచింది, మూడో రోజు ఎండకు సోఫా కింద పడుకోవడంతో దాని పనితీరుపై ఆందోళన వ్యక్తం చేస్తూ మేనేజర్ నుంచి మెయిలు వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు ఉయ్యాలకు కట్టారు. టెస్టింగ్ విభాగం వారు ఏ పరికరం నిమిషానికి ఎన్ని అడుగులు ఇస్తుందో పట్టిక తయారు చేశారు. కుట్టు మిషను, వెన్న చిలికే కవ్వం, చంటిపిల్ల తొట్టి. ఆ సంవత్సరం ఆ విభాగం నుంచి వెలువడిన అత్యంత నాణ్యమైన పత్రం అదేనని అందరూ ఒప్పుకున్నారు.

చివరికి గెలిచినవాడు వీళ్లెవరూ కాదు. ఐదో అంతస్తు ఆర్కిటెక్టు. ఆయన చేసిందల్లా ఒకటే. హౌస్‌కీపింగ్ పనిచేసే ఆవిడను పిలిచి, "అక్కా, ఈ వాచీ కాస్త చేతికి పెట్టుకుని నీ పని నువ్వు చేసుకో" అన్నాడు.

"పాడైతే నా జీతంలో పట్టుకుంటారా సార్?" అని మాత్రం ఆమె అడిగిందట.

ఆమె పొద్దున ఆరింటికి వచ్చి రెండు అంతస్తులు తుడుస్తుంది. బాత్రూములు కడుగుతుంది. నీళ్ల డబ్బాలు మోస్తుంది. కాల్‌లో ఉన్న దొరలు తాగి వదిలిన కప్పులు సేకరిస్తుంది. రోజుకు ఇరవై వేల అడుగులు దాటాయి. తెర మీద ఆయన పేరు పైకి పైకి పోయింది. ముగింపు సభలో ఆయనకు శాలువా కప్పారు, ఖరీదైన సైకిలు ఇచ్చారు, "క్రమశిక్షణ అంటే ఇదీ" అని హైదరాబాదు శాఖ అధిపతి కంటతడి పెట్టుకున్నంత పని చేశాడు. ఆ సభ అయ్యాక నేల మీద పడ్డ రంగు కాగితాలు ఊడ్చిందీ ఆమే. వాచీ అప్పటికే వెనక్కి తీసుకున్నారు కాబట్టి ఆ అడుగులు ఎవరి ఖాతాలోనూ పడలేదు.

కాంట్రాక్టు సిబ్బందికి పోటీలో పాల్గొనే అర్హత లేదు. వాళ్ల మోకాళ్లు అరిగితే అది ఆరోగ్య దీక్ష కాదు, వాళ్ల ఖర్మ. రోజంతా నిలబడి, వంగి, మోసి ఇంటికి వెళ్లే మనిషికి నడుము నొప్పి వస్తుందే తప్ప శాలువా రాదు. వ్యాయామం అని పిలవాలంటే దానికి ముందు ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుని ఉండాలి కాబోలు.

ఇంతవరకు నవ్వుకుంటూనే చదివాను. సర్క్యులర్ మూడో పేజీలో 'మానసిక ఆరోగ్యం' అని శీర్షిక పెట్టి ఒకే ఒక్క వాక్యం రాశారు. "దిగులుగా ఉందా? షూ లేసు కట్టండి, పరుగెత్తండి."

అయ్యా, వ్యాయామం మంచిది కాదని అనేంత బుద్ధిహీనుడు ఎవడూ లేడు. దిగులును అది తగ్గిస్తుందని పరిశోధనలూ చెబుతున్నాయి, నాలుగు రోజులు నడిచినవాడి ముఖమూ చెబుతుంది. కానీ నిజమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషికి పరుగు మాట తర్వాత, మంచం మీంచి కాలు కింద పెట్టడమే ఆ పూటకు కొండ ఎక్కినంత పని. అతనికి మందు కావాలి, డాక్టరు కావాలి, కొన్నాళ్లు సెలవు కావాలి. ముందుగా ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. వీటిలో ఏదీ ఇవ్వకుండా లేసు కట్టుకోమంటున్నారు. కట్టుకోలేకపోయినవాడి పేరు గోడ మీద తెరలో అట్టడుగున, అందరూ కాఫీకి వెళ్లే దారిలో వేలాడదీస్తున్నారు. దిగులుతో ఉన్నవాడికి ఇంతకు మించిన అవమానం మీ శత్రువులు కూడా ఆలోచించి ఉండరు. దీనికి ఆరోగ్యమని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం ఉచితంగా నడుపుతున్న మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ ఐదంకెలు సర్క్యులర్లో ఎక్కడా లేవు. ప్రొటీన్ పొడి మీద పదిహేను శాతం తగ్గింపుకు కూపన్ సంఖ్య ఉంది, బొద్దు అక్షరాల్లో.

అసలు ఆ దిగులు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కరూ అడగరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క తేల్చాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఆ అదనపు గంటలు 2016 ఒక్క సంవత్సరంలో పొట్టన పెట్టుకున్నది 7,45,000 మందిని. ఈ లెక్క వెలువడిన రెండేళ్లకు, 2023లో, ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలని సెలవిచ్చారు. 2025 మొదట్లో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ గారు పాటను 90కి పెంచి, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపని చూస్తారని అడిగారు. అదే ఏడాది మన రెండు తెలుగు ప్రభుత్వాలూ దేనిలోనూ కలిసి రాకపోయినా దీనిలో కలిసొచ్చి, రోజుకు పది గంటల పనికి తలుపు తీశాయి. తెలంగాణ ఉత్తర్వులో వారానికి 48 గంటల గీత అలాగే ఉంది. ఆ గీత ఎక్కడుందో చూద్దామని మా మేనల్లుడు రాత్రి పదకొండుకు కాల్ ముగిశాక వెతుకుతుంటాడు.

మనిషిని పన్నెండు గంటలు కూర్చోబెట్టి నడుము విరిచేదీ మీరే, కూర్చోవడం ప్రమాదమని ఉపన్యాసమిచ్చేదీ మీరే. నిద్ర లాక్కునేదీ మీరే, నిద్ర ఎంత పోయాడో వాచీ పెట్టి కొలిచేదీ మీరే. కొలత తక్కువొస్తే తప్పు మాత్రం వాడిది, వాడికి సంకల్పబలం లేదు!

మా వాడు ఒక పని చేశాడు. సలహాలు, సూచనల పెట్టెకు మర్యాదగా ఒక మెయిలు రాశాడు. సాయంత్రం ఆరున్నర తర్వాత కాల్‌లు పెట్టకపోతే ఉద్యోగులందరూ తమంతట తామే నడుచుకుంటారనీ, వాచీల ఖర్చు కూడా కంపెనీకి మిగులుతుందనీ వివరించాడు. అరగంటలో జవాబు వచ్చింది.

"మీ అమూల్యమైన సూచనకు ధన్యవాదాలు. దీనిపై వివరంగా చర్చించేందుకు ఈ రాత్రి పదిన్నరకు కాల్ ఏర్పాటు చేశాం. నడుస్తూ హాజరు కావచ్చు."