పందికొక్కూ, డిక్షనరీ, మా అమ్మానాన్నా

మాది బరంపురం. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, ఆ తర్వాత ఒడిశాలోకి వెళ్ళిన ఊరు కాబట్టి మా వీధిలో ఎవరూ ఒక్క భాషతో సరిపెట్టుకోరు, పాలవాడితో ఒడియా, పిండిమిల్లువాడితో తెలుగు, టీవీతో హిందీ. మా నాన్నకి ఇవేవీ చాలవు. ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు క్లాసులో మిగిలింది మా అమ్మ ఒక్కతే. మొన్న ఆదివారం నేను ఇంటికెళ్ళినప్పుడు జరిగింది రాస్తున్నా, ఎక్కువేం కలపలేదు.

నాన్న: (ఉప్మా నోట్లో పెట్టుకుని) నైస్.

అమ్మ: ఉప్పు సరిపోయిందా లేదా, అది చెప్పండి.

నాన్న: నైస్ అన్నానుగా. అసలు ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసా? లాటిన్‌లో నెస్కియుస్, అంటే ఏమీ తెలియనివాడు. ఏడొందల ఏళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళు ఎవర్నైనా నైస్ అన్నారంటే వెర్రివాడని అర్థం. తర్వాత సుకుమారం, నాజూకు, అలా జరుగుతూ జరుగుతూ మంచి దగ్గరికొచ్చి ఆగింది.

అమ్మ: అంటే నా ఉప్మా వెర్రిదా?

నాన్న: ఇప్పటి అర్థంలో అన్నానే.

అమ్మ: మరి నేను మిల్లువాడికి పిండి నైసుగా ఆడించమని చెప్తే వాడు ఏ అర్థంలో ఆడిస్తున్నాడూ?

నాన్న: అది... నాజూకు దగ్గర దిగిపోయింది.

(జవాబు బాగుందనే నాకనిపించింది. అమ్మకి కాదు.)

అమ్మ: నిన్న మీ అక్కయ్యగారి ఫోన్ రాగానే నైసుగా జారుకున్నారే, అదెక్కడ దిగింది?

నాన్న: సిల్లీగా మాట్లాడకు.

అమ్మ: సిల్లీకీ ఓ కథ ఉండే ఉంటుంది. కానివ్వండి.

నాన్న: (గొంతు తగ్గించి) పాత ఇంగ్లీషులో... దేవుడి దయ ఉన్నవాళ్ళు, ధన్యజీవులు, అలాంటి అర్థం.

అమ్మ: విన్నావటే? నేను సిల్లీ, మీ నాన్న నైస్. రాసుకో.

అప్పుడే సామాన్ల గదిలోంచి ఏదో దొర్లిన చప్పుడు.

అమ్మ: అదిగో! రాత్రంతా ఇదే గోల. పక్కింటి మౌసీ మూషా అంటోంది. మూషా అయితే నేనెందుకు భయపడతాను, అది పందికొక్కు, ఉల్లిపాయల బస్తాకి నా చెయ్యి పట్టేంత కన్నం పెట్టింది. బోను సెట్ చెయ్యమని వారం నుంచి చెప్తున్నా.

నాన్న: సెట్! ఆ బుల్లి మాటకి ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 1989లో అచ్చేసిన డిక్షనరీలో 430 అర్థాలిచ్చారు తెలుసా?

అమ్మ: ఆ 430లో బోను సెట్ చెయ్యడం ఒక్కటి మీకు రాదు.

నాన్న: నువ్వు మూషా అన్నావు చూడు, అది ఇంకా గొప్పది. ఒడియా మూషా, వినాయకుడి మూషికం, ఇంగ్లీషు మౌస్, అన్నీ ఒక్క తల్లి పిల్లలే. లాటిన్‌లో ముస్. చిట్టెలుకని ముస్కులుస్ అంటారు, అందులోంచే మజిల్ పుట్టింది, కండ ఆడుతుంటే చర్మం కింద ఎలుక పరిగెత్తినట్టుంటుందని. ఇదిగో చూడు.

(చొక్కా చెయ్యి పైకి మడిచి జబ్బ బిగించారు.)

అమ్మ: ఎక్కడా?

నాన్న: ఇదిగో, ఇక్కడ.

అమ్మ: చచ్చిపోయినట్టుంది పాపం. ఆ గదిలోది బతికే ఉంది, ముందు ఎలుకలు పట్టే కుర్రాడికి ఫోన్ చెయ్యండి. వాడికి తెలుగు రాదట.

నాన్నకి ఒడియా బ్రహ్మాండంగా వచ్చు. అయినా ఫోన్ చెవి దగ్గర పెట్టుకోగానే ఇంగ్లీషులోకి దిగిపోయారు. బిగ్ ర్యాట్ అన్నారు, వెరీ బిగ్ అన్నారు, అవతలివాడికి ఎక్కలేదేమో, చివరికి బాండికూట్, బాండికూట్ అని వీధి చివరిదాకా వినబడేలా అరిచారు.

అమ్మ: ఏటీ, పందికొక్కూటా?

నాన్న: బాండికూట్. ఇంగ్లీషు పేరు.

అమ్మ: మా పుట్టింటి నుంచి ఎత్తుకెళ్ళినట్టుందే.

నాన్న ఉప్మా ప్లేటు వైపు చూశారు. కాసేపు దాన్నే చూశారు.

నాన్న: అవునులే, తెలుగు నుంచే. పందికొక్కే బాండికూట్ అయింది. దాని శాస్త్రీయ నామం కూడా బాండికోటా ఇండికా. ఆస్ట్రేలియాలో పొడుగు ముక్కు సంచిజంతువేదో కనబడితే దానికీ ఇదే పేరు తగిలించారు, చుట్టరికం ఏమీ లేకపోయినా.

అమ్మ: ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పారు కదా, ఇది ఒక్క పిల్లాడికైనా చెప్పారా?

నాన్న: సిలబస్‌లో లేదు.

అమ్మ: ఇంకేం పట్టుకుపోయారు ఇక్కణ్ణుంచి?

నాన్న: పూరీ నుంచి పెద్దదే పోయింది. జగ్గర్నాట్. మన జగన్నాథుడే. 14వ శతాబ్దంలో వచ్చిన ఒదొరిక్ అనే ఇటలీ సన్యాసి, మన దేశంలో భక్తులు రథం కింద పడి ప్రాణాలిస్తారని రాసుకున్నాడు, ఆ కథ యూరపంతా పాకింది. ఇప్పుడు అడ్డొచ్చిందల్లా తొక్కుకుంటూ పోయేదాన్ని జగ్గర్నాట్ అంటారు. ఇంగ్లండులో అయితే పెద్ద లారీని కూడా.

అమ్మ: జగన్నాథుడు లారీయా! ఆ నందిఘోష రథాన్ని ఒక్కసారి కళ్ళారా చూద్దామని వానలో తడుస్తూ నిలబడ్డామే, వాళ్ళకి లారీ కనిపించిందా?

నాన్న: రథానికి 16 చక్రాలు కదా, లారీకీ ఇంచుమించు...

అమ్మ: లెంపలేసుకోండి.

వేసుకున్నారు. నిజంగానే వేసుకున్నారు.

అమ్మ: అడ్డొచ్చిందల్లా తొక్కుకుంటూ పోయేదన్నారా? ఆ మాట పెళ్ళినాడే చెప్పుంటే మీ అక్కయ్యగారిని పిలవడానికి పనికొచ్చేది.

నాన్న: మనమేమైనా తక్కువ తిన్నామా? నీ బీరువా ఎవరి సొత్తు? ఫ్రెంచివాళ్ళ బ్యూరో. మొదట్లో ముతక ఉన్నిగుడ్డ, తర్వాత ఆ గుడ్డ పరిచిన రాతబల్ల, తర్వాత ఆ బల్ల ఉన్న ఆఫీసు. అమెరికావాళ్ళ ఎఫ్‌బీఐలో బీ అదే. మన దగ్గరికొచ్చి చీరలు పెట్టుకునేదైంది.

అమ్మ: అందుకా నా పట్టుచీరల మధ్య మీ పాత కరెంటు బిల్లులు! ఆఫీసనుకుంటున్నారన్నమాట. సరే, హస్బెండ్ సంగతేంటి?

నాన్న: (కుర్చీలో సర్దుకుని) పాత నార్స్ మాట, వైకింగులతో ఇంగ్లండు చేరింది. హూస్ అంటే ఇల్లు. బోండీ అంటే కాపురముండి...

అమ్మ: ఇంట్లో కూర్చుని బోండాలు తినేవాడా? సరిగ్గా పెట్టారు.

నాన్న: ఇల్లు చూసుకునేవాడు! గృహస్థు! వైఫ్ అంటే మొదట్లో ఉత్త ఆడమనిషి అని, అంతే.

అమ్మ: అంటే మిమ్మల్ని చేసుకోకపోయినా నేను వైఫునే.

ఈలోగా కుర్రాడొచ్చాడు. పందికొక్కుని చూడకుండానే, మట్టి తోడిన తీరు చూసి, పెద్దదే ఉందని ఒడియాలో చెప్పి బోను పెట్టాడు. వెళ్తూ వెళ్తూ ఉల్లి బస్తా వెనక నుంచి ఒక అట్టా, దోసెడు కాగితం ముక్కలూ తీసి నాన్న చేతిలో పోశాడు. డిక్షనరీ. హాల్లో దుమ్ము పట్టేస్తోందని అమ్మే ఆ గదిలో పడేయించింది, ఈ సంగతి అప్పుడు ఇద్దరూ ఎత్తలేదు.

నాన్న: (పేజీలు తిప్పుతూ) ముందు నుంచి కొట్టేసింది. బీలో బాండికూట్ లేదు. తన పేరు తనే తినేసిందే! సీ, డీ, జీ... హెచ్ కూడా అయిపోయింది. వైఫ్ ఉంది. హస్బెండ్ పోయాడు.

అమ్మ: ఛీ ఛీ, అవేం మాటలండీ! (చెయ్యి సూత్రాల మీదకి వెళ్ళింది) ఆదివారం పూట, పొయ్యి మీద పాలున్నాయి! నోరు కడుక్కురండి. ఏమే, ఆ టార్చి ఇలా తే.

తర్వాత అరగంట సేపు మా అమ్మ ఉల్లిపొట్టులో కూర్చుని కాగితం ముక్కలు ఏరింది. హెచ్‌తో మొదలయ్యేవి ఒక కుప్ప, మిగతావి ఒక కుప్ప. హార్స్ దొరికింది, హంగ్రీ సగం దొరికింది. నాన్న గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆవిణ్ణే చూశారు.

నాన్న: నైస్.

అమ్మ: (తలెత్తకుండా) ఏ అర్థంలో?

నాన్న నైసుగా జారుకున్నారు.