కారవాన్ బస: బీచ్ కన్నా కల్యాణ మండపమే మేలు

కిందటి డిసెంబరులో మేం అద్దెకు తీసుకున్న కారవాన్, అంటే లోపలే మంచాలు, వంట, మరుగుదొడ్డి ఉండే బండి, శ్రీకాకుళం జిల్లా బారువ తీరాన ఇసకలో దిగబడింది. తప్పు బండిదీ కాదు, డ్రైవరుదీ కాదు. "ఇంకాస్త ముందుకు పోనీ, పొద్దున్నే తలుపు తీస్తే సముద్రం కనబడాలి" అన్నది నేనే. వెనక చక్రాలు సగం దాకా దిగిపోయాక, వల ఆరేసుకుంటున్న ఓ పెద్దాయన నింపాదిగా వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఏటి బాబూ, ఇంత బండిని ఇసకలోకి దించీసినారేటి?" అన్నాడు. తర్వాత ఆయనే నలుగురు కుర్రాళ్లను కేకేశాడు. టైర్లలో కొంత గాలి తీయించి, చక్రాల కింద కొబ్బరి మట్టలు వేయించి, పడవలు లాగే మోకు కట్టి ముప్పావు గంటలో బండిని గట్టెక్కించారు. డబ్బులు ఇవ్వబోతే టీలకు మాత్రం తీసుకున్నారు.

బస ఎక్కడన్నది మేం ఫోన్‌లో ఒక ఫొటో చూసి తేల్చుకున్నాం. అదీ మా తెలివి. కారవాన్ యాత్ర అనగానే అందరూ బండి గురించే మాట్లాడతారు: లోపల ఏసీ ఉందా, మంచాలెన్ని, అద్దె ఎంత. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వారం తిరిగాక నాకు తెలిసొచ్చింది ఏమిటంటే బండి ఏదైనా ఒకటే, రాత్రి దాన్ని ఎక్కడ ఆపామన్నదే యాత్రను నిలబెట్టినా చెడగొట్టినా. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 190 కిలోమీటర్ల పైచిలుకు తీరం ఉంది కదా, ఎక్కడైనా ఆపుకోవచ్చు అనుకుంటాం. ఆ "ఎక్కడైనా"తోనే చిక్కంతా.

ఈ విషయంలో మా మేనల్లుడు నాకన్నా నయం. అమెరికాలో ఉంటాడు. రెండేళ్ల కిందట మమ్మల్ని ఆర్‌వీలో (కారవాన్‌ని అక్కడ అలా అంటారు) యూటా, అరిజోనా తిప్పాడు. బండి బుక్ చేయడానికి వాడికి ఒక సాయంత్రం పట్టింది. రాత్రికి బండి ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్‌లు వెతకడానికి పదిహేను రోజులు పట్టింది. "బండిదేముంది మావయ్యా, జాగా దొరకాలి గానీ" అనేవాడు. అక్కడ పేరున్న నేషనల్ పార్కుల్లో చాలా క్యాంప్‌గ్రౌండ్‌లకు ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, మంచి జాగాలు నిమిషాల్లో అయిపోతాయి. వాడు చూసే వరస ఇలా ఉండేది. ముందు బండి పొడవు, ఎందుకంటే చాలాచోట్ల ఇన్ని అడుగులకు మించిన బండి రాకూడదని హద్దు ఉంటుంది. తర్వాత కరెంటు ముప్పై యాంప్‌లా, యాభయ్యా. నీళ్ల కుళాయి జాగా దగ్గరే ఉందా. మురుగు గొట్టం ఉందా, లేకపోతే ట్యాంకులు ఖాళీ చేసే చోటు ఎంత దూరం. బండిని రివర్స్‌లో పెట్టాలా, ఇటు నుంచి దూరి అటు నుంచి బయటపడొచ్చా. అన్నీ అయ్యాక ఆఖరున, కొండ కనబడుతుందా లేదా. మేం తొలిరోజు విసుక్కున్నాం. మూడో రోజుకి నోరు మూసుకున్నాం.

ఊరికే ఆపుకునే చోట్లు కూడా అక్కడ ఉన్నాయి. పశ్చిమ రాష్ట్రాల్లో కేంద్ర ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల పద్నాలుగు రోజుల దాకా డబ్బు కట్టకుండా ఉండనిస్తారు. కుళాయి ఉండదు, ప్లగ్గు ఉండదు, చెత్తబుట్ట కూడా ఉండదు. తెచ్చుకున్నదంతా తిరిగి పట్టుకుపోవాల్సిందే. దాన్ని బూండాకింగ్ అంటారు. మన దగ్గర కారవాన్ వేసుకుని బీచ్‌కి వెళ్లేవాళ్లు చేస్తున్నది ఇదే. తిరిగి పట్టుకుపోవడం ఒక్కటి మానేశాం, అంతే తేడా.

ముందు తేలికైన సంగతి, కరెంటు. అమెరికా క్యాంప్‌గ్రౌండ్‌లో బండికి కరెంటు ఇచ్చే ముప్పై యాంపుల స్తంభం అంటే ఏదో పెద్ద ఏర్పాటు అనుకునేవాణ్ణి. వాళ్లది 120 వోల్టులు. ముప్పైతో హెచ్చవేస్తే 3,600 వాట్లు. మనది 230 వోల్టులు, గీజరుకి పెట్టుకునే పదహారు యాంపుల ప్లగ్గు ఇచ్చేది 3,680 వాట్లు. అంటే మన ఇళ్లలో గీజరుకో ఏసీకో ఉండే పెద్ద ప్లగ్గు ఒక్కటి వాళ్ల ముప్పై యాంపుల స్తంభంతో సమానం. ఎర్తింగ్ సరిగ్గా ఉండి, వైరు దళసరిదైతే ఒక కారవాన్‌కి రాత్రంతా ఏసీ, ఫ్రిజ్, లైట్లు నడిచిపోతాయి. దీనికోసం టూరిజం ప్రాజెక్టు అక్కర్లేదు, ఎలక్ట్రీషియన్ ఉంటే చాలు.

నీళ్లు దీనికన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సినవి. మా బండిలో ట్యాంకు నూరు లీటర్లది. నలుగురం పొదుపుగా వాడినా రెండో రోజు పొద్దుటికి కుళాయి గాలి ఊదింది. రోజూ నింపుకోవాలి, ఏ నీళ్లతో అన్నది ప్రశ్న. పలాస, సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా ఉన్న ఉద్దానం పట్టులో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తినేసిందో మనకు కొత్తగా చెప్పాలా. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. కాబట్టి అక్కడ దొరికిన బోరు నీళ్లను స్నానాలకు, గిన్నెలకు ఉంచుకుని, తాగడానికి, వంటకు ఇరవై లీటర్ల టిన్నులు వేరుగా కొనుక్కోవడం మంచిది. అది భయం కాదు, ఆ ఊళ్లవాళ్లు చేస్తున్నదే మనమూ చేయడం.

ఇక అసలు విషయం మురుగు. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఫొటోల్లో కనబడదు కాబట్టి. కారవాన్‌లో మూడు ట్యాంకులు ఉంటాయి: మంచినీళ్లది, స్నానం, గిన్నెల నీళ్లు చేరేది, మరుగుదొడ్డిది. మొదటిది నింపడం ఎంత అవసరమో మిగతా రెండూ ఖాళీ చేయడం అంతే అవసరం. మన దగ్గర ఆ పని ఎక్కడ జరుగుతోంది? నేను చూసినంతలో చీకటి పడ్డాక, తుప్పల పక్కన, రోడ్డు కాలవలోకి. అద్దె బండి ఇచ్చినతను మాకు చెప్పిన పద్ధతి కూడా అదే: "ఎక్కడైనా వాల్వు తిప్పేయండి సార్." తాటిపూడి జలాశయం గట్టు మీద నిలబడినప్పుడు ఆ మాట గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. గోస్తనీ మీద కట్టిన ఆ చెరువు నీళ్లు విశాఖపట్నం తాగుతుంది. చుట్టూ కొండలు, నీళ్ల మీద పడవలు, అరకు దారిలో ఇంతకన్నా అందమైన మజిలీ లేదు. కానీ ఆ గట్టున పది కారవాన్లు ఆగి పదిమందీ వాల్వు తిప్పితే? అందుకే నా లెక్కలో బస ఎంపికకు మొదటి ప్రశ్న ఇదే: నా మురుగు ఎక్కడికి పోతుంది? జవాబు లేని చోట ఎంత అందమున్నా పగలు చూసి వచ్చేయాలి, రాత్రి ఉండకూడదు.

బీచ్‌కి ఇంకో మూడు అభ్యంతరాలు ఉన్నాయి. ఇసక సంగతి చెప్పాను. మొదటిది, ఆ ఇసక మనకు విహారం, మత్స్యకారులకు అది వాకిలి, గోదాము, పనిచోటు. పడవలు ఎక్కించేదీ వలలు బాగుచేసుకునేదీ చేపలు ఎండబెట్టేదీ అక్కడే. వాళ్లను అడక్కుండా అక్కడ బండి ఆపడమంటే ఎవరింటి ముంగిట్లోనో మంచం వేసుకోవడమే. రెండోది తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. మన బండి లైట్లు చూసి అవి వెనక్కి తిరిగిపోతాయి, పిల్లలు సముద్రమనుకుని వెలుగు వైపు పాకుతాయి. మూడోది అక్టోబరు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11న. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన ఆ రోజులు ఇంకా ఎవరూ మరవలేదు. దసరా సెలవులు కదా అని ఆ నెలలో తీరాన కారవాన్ బస పెట్టుకునేవాళ్లు వాతావరణ శాఖ బులెటిన్ రోజుకు రెండుసార్లు చూసుకోవాలి.

అయితే కొబ్బరి తోటలో ఆపుదాం అంటారా? మా ఆవిడా అదే అంది. నీడ బాగానే ఉంటుంది, కాయ ఎప్పుడు రాలుతుందో కొబ్బరిచెట్టు చెప్పదు. బండి నెత్తిన ఏసీ, సోలార్ పలక ఉంటాయి. జీడితోటలో కొమ్మలు మరీ కిందికి ఉంటాయి, ఎత్తు బండి దూరదు. మామిడితోట అన్నిటికన్నా నయం, విజయనగరం వైపు వాటికి కొదవ లేదు. కానీ తోటల్లోకి వెళ్లే పుంత దారుల్లో వేలాడే కరెంటు తీగలు చూసుకోవాలి. మా డ్రైవరు రెండుచోట్ల దిగి, వెదురు గడతో ఎత్తు కొలిచాకే బండి కదిపాడు.

హైవే ధాబాల మీద నాకు పెద్ద ఆశ లేదు. పదహారో నంబరు హైవే మీద లారీవాళ్లు ఆగే చోట అన్నం బాగుంటుంది, నీళ్లుంటాయి, భయం ఉండదు. నిద్ర మాత్రం ఉండదు. రాత్రి రెండింటికి పక్క లారీ ఇంజను స్టార్ట్ అయితే మన మంచం కూడా వణుకుతుంది. దారి మధ్యలో ఒక పూటకు సరే. గుళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. అరసవల్లిలో రథసప్తమికి కాలు పెట్టే చోటుండదు, కారవాన్ మాట అటుంచండి. శ్రీముఖలింగం శివరాత్రీ అంతే. మామూలు రోజుల్లో మాత్రం శ్రీకూర్మంలోనూ శ్రీముఖలింగంలోనూ ఊరి పెద్దల్ని అడిగితే ఏదో ఒక జాగా చూపించకుండా పంపరు.

మా తాత శివరాత్రికి ఎడ్లబండి కట్టుకుని శ్రీముఖలింగం వెళ్లేవాడట. దారిలో మజిలీ ఎక్కడ వేసేదీ ముందే అనుకునేవారు. చెరువు ఉండాలి, మర్రో రావో ఉండాలి, ఎడ్లకు గడ్డి ఉండాలి, తెలిసినవాళ్ల ఊరై ఉండాలి. నాలుగూ లేని చోట పొద్దుపోయినా ఇంకో కోసు నడిపించేవారు తప్ప బండి విప్పేవారు కాదు. మా మేనల్లుడి చిట్టా, మా తాత చిట్టా పక్కపక్కన పెడితే తేడా చాలా తక్కువ. ఎడ్ల పేడ మాత్రం ఎవరికీ బరువు కాలేదు, తెల్లారేసరికి ఎవరో ఒకరు పిడకలకు ఎత్తుకుపోయేవారు.

ఈ లెక్కలన్నీ వేసుకుంటే మన దగ్గర ఇప్పటికే కట్టి ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లు ఉన్నాయి. వాటిని మనం కల్యాణ మండపాలు అంటాం. శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాస, విజయనగరం, బొబ్బిలి, ఏ ఊరి శివార్లలో చూసినా ఒకటి ఉంటుంది. బస్సులు తిరిగేంత ఆవరణ, గట్టి నేల, వంటశాల కోసం వేసిన బోరు, పెద్ద ప్లగ్గులు, జనరేటరు, మరుగుదొడ్లు, వాటికి వేలమందిని తట్టుకునే సెప్టిక్ ట్యాంకు, గేటు, గేటు దగ్గర వాచ్‌మన్. క్యాంప్‌గ్రౌండ్‌కి కావలసినవన్నీ ఉన్నాయి, లేనిదల్లా సముద్రం. అది పగలు వెళ్లి చూసి రావచ్చు.

ఇందులో ఇంకో కలిసొచ్చే సంగతి ఉంది. కారవాన్‌కి ఈ రెండు జిల్లాల్లో మంచి కాలం డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా. ఉక్కపోత ఉండదు, తుపాన్ల కాలం చాలామటుకు దాటిపోతుంది, తేలినీలాపురంలో వలస కొంగలు చెట్ల మీద నిండుగా ఉంటాయి. సరిగ్గా అదే ధనుర్మాసం. పెళ్లిళ్లు ఉండవు, మండపాలు తాళాలు వేసి ఉంటాయి, ఎప్పుడో ఒక చీరల ఎగ్జిబిషన్ తప్ప. యాత్రికుడికి కావలసిన నెలలోనే జాగా ఖాళీ.

కేరళ 2021లో కారవాన్ పాలసీ తెచ్చినప్పుడు బండ్లతో పాటు అవి ఆగే పార్కుల గురించి కూడా ఆలోచించింది, మరుసటి ఏడు వాగమన్‌లో ఒకటి మొదలైంది. మన దగ్గర మాత్రం కారవాన్ అంటే తళతళలాడే బస్సుకి జెండా ఊపడం అన్నట్టుంది. ఒక బండి కొనే డబ్బులో ఒక వంతు పెట్టి ఇరవై మండపాలకు తలా రెండు వానకు తడవని ప్లగ్గులు, ఒక కుళాయి, సెప్టిక్ ట్యాంకులోకి మూత ఉన్న నాలుగంగుళాల గొట్టం పెట్టించవచ్చు. ఆ గొట్టం మూతే ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన వస్తువు అని నేనంటే మా ఇంట్లో నవ్వుతున్నారు. నవ్వనివ్వండి.

యజమానులు ఒప్పుకుంటారా అన్న అనుమానం న్యాయమైనదే. ఒక బండి కోసం గేటు తీసి, లైట్లు వేసి, వాచ్‌మన్‌ని మేలుకోబెట్టడం గిట్టుబాటు కాదనొచ్చు. మేం నాలుగో రాత్రికి ఇసక, లారీలు, కొబ్బరికాయలు అన్నీ అయ్యాక, టెక్కలి దాటాక ఒక మండపం గేటు కొట్టాం. వాచ్‌మన్ బండిలోకి తొంగి చూసి "పెళ్లివారు ఎనకొత్తున్నారా బాబూ?" అన్నాడు. మేనేజరుకి ఫోన్ చేయించి, బేరం ఆడి, వెయ్యి రూపాయలకు ఒప్పించేసరికి ఎనిమిదైంది. ఆ రాత్రి ఏసీ ఆగలేదు, పొద్దున్న నీళ్లు నిండాయి, ట్యాంకు ఖాళీ అయింది. వెళ్లేటప్పుడు రసీదు అడిగాను. మేనేజరు వెతికి వెతికి పెళ్లిళ్ల రసీదు పుస్తకమే తెచ్చాడు. వధూవరుల పేర్లు అని ఉన్న చోట కాసేపు ఆలోచించి, మా బండి నంబరు రాసి, ముహూర్తం దగ్గర "రాత్రి 8 నుంచి ఉదయం 9" అని నింపి సంతకం పెట్టి ఇచ్చాడు.